విచారణ గురువులు ఎవర్ని విచారిస్తారు?

సందేహం: చిన్నప్పుడు మా కాన్వెంటు బడిలో జరిగిన లూర్దుమాత పండగ గురించి రాస్తూ ‘ఆ రోజు విచారణ గురువులు వచ్చి దివ్యపూజ చేసేవారు’ అన్నాను. విచారణ జరిగేది కోర్టులో, పూజ జరిగేది గుళ్లో, రెండూ తప్పే మార్చు అంటున్నాడు మా స్నేహితుడు. మార్చాలా?

సమాధానం: మార్చకండి. మీ స్నేహితుడి అనుమానం ఒకప్పుడు నాకూ ఉండేది లెండి, కాకపోతే అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. నేనూ కాన్వెంటు బడి పిల్లాణ్ణే. పండగ ముందురోజు, ఫిబ్రవరి 10 సాయంత్రం అమ్మగారు (సిస్టర్లని మేం అలాగే పిలిచేవాళ్లం) క్లాసుకొచ్చి ‘రేపు విచారణ గురువులు వస్తున్నారు, అల్లరి చేస్తే ఊరుకోను’ అన్నారు. మాత గుహ (మరియమాత విగ్రహం పెట్టిన రాతిగుహ) వెనకాల జామచెట్టుని ఆ వారమే ఖాళీ చేసిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఇంకేముంది, విచారణ మాకే అనుకుని రాత్రంతా టెన్షన్. తెల్లారి ఆయన వచ్చారు, పూజ చేశారు, చేతిలో కొవ్వొత్తి కరిగి వేళ్ల మీద పడుతుంటే ఊదుకుంటూ నిలబడ్డ మా తలల మీద చెయ్యి పెట్టి, తలో లడ్డూ ఇచ్చి వెళ్లిపోయారు. జామకాయల ఊసే లేదు.

విచారించడమంటే నిలదీసి అడగడం ఒక్కటే కాదు. యోగక్షేమాలు విచారించడం లేదూ? బాగోగులు చూడటం, అజమాయిషీ చెయ్యడం కూడా విచారణే. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయ నిర్వహణని హాథీరాంజీ మఠం మహంతుకి అప్పగించినప్పుడు ఆయన హోదా పేరు ‘విచారణకర్త’. 1933 దాకా మహంతులే ఆ పని చూశారు. చర్చి బాధ్యత చూసే కథోలిక గురువునీ విచారణకర్తలనే అంటారు. ఆయన పరిధిలోకి వచ్చే ఊళ్లన్నీ కలిపి ఒక ‘విచారణ’, ‘మీది ఏ విచారణ?’ అని అడుగుతారు కూడా. పేపర్లలో పోలీసు విచారణ, సీబీఐ విచారణ చదివీ చదివీ మనకి ఆ ఒక్క అర్థమే మిగిలింది.

ఇక పూజ. కథోలికులు దివ్యపూజ, దివ్యబలిపూజ అంటారు, ప్రొటెస్టెంట్లు ఆరాధన అంటారు. మీది కథోలిక బడి కాబట్టి పూజని కొట్టేసి ఆరాధన అని దిద్దితేనే తప్పవుతుంది. పూజలో ఇచ్చేది సత్ప్రసాదం. విజయవాడలో గుణదల మాత తిరునాళ్లకి ఒకసారి వెళ్లిరమ్మనండి మీ స్నేహితుణ్ణి, తలనీలాలిచ్చేవాళ్లూ కొబ్బరికాయ కొట్టేవాళ్లూ అక్కడే కనిపిస్తారు.

దిద్దుకోవాల్సింది వేరే ఉంది. ఉత్తరం చివర్లో ‘మైత్రాసనం’ అని రాశారు. అది మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కిందికి వచ్చే విచారణలన్నీ కలిపిన ప్రాంతం. మైత్రితో దానికేం సంబంధం లేదు. బిషప్పుని మేత్రాణులు అంటారు, ఆ మాట గ్రీకులో పుట్టి, సిరియాక్ క్రైస్తవులతో కేరళకి చేరి, తమిళం మీదుగా మనదాకా వచ్చింది. వెనకున్న ‘ఆసనం’ మాత్రం మనకి తెలిసిన ఆసనమే.