అక్టోబరు జీతంలో పట్టిన పన్ను గురించి

ఒంగోలు,
2025 నవంబరు

చిరంజీవి అమ్మణ్ణికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పేస్లిప్ చూశాను. ఒంగోలులో ఆరు నెలలు రూపాయి కూడా పట్టలేదు, ముత్తుకూరులో చేరిన మొదటి నెలే 13,130 పట్టేశారని గాభరా పడ్డావు. మీ అకౌంట్స్ వాళ్లతో గొడవ పెట్టుకునే ముందు ఇది చదువు. లెక్క సరిగ్గానే వేశారు.

టీడీఎస్, అంటే జీతం ఇచ్చేటప్పుడే కంపెనీ పట్టుకునే ఆదాయపు పన్ను, ఆ ఒక్క నెల జీతం చూసి పట్టేది కాదు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నీకు ఎంత వస్తుందో అంచనా వేసి, ఏడాది పన్ను లెక్కగట్టి, ఉన్న నెలలకు పంచుతారు. పాత చోట నెలకు 95,000, అంటే ఏడాదికి 11,40,000. కొత్త పన్ను పద్ధతిలో జీతగాళ్లందరికీ తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 12 లక్షల లోపే కాబట్టి రిబేటుతో, అంటే మాఫీతో, పన్ను సున్నా. ఇప్పుడు నెలకు 1,35,000. ఆరు నెలలకు 8,10,000, పాత చోట తీసుకున్న 5,70,000 కలిపితే 13,80,000. డిడక్షన్ తీసేస్తే 13,05,000. పన్నెండు దాటింది, రిబేటు పోయింది. మొదటి 4 లక్షలకు ఏమీ లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం, ఆపై 4 లక్షలకు 10 శాతం, మిగిలిన 1,05,000కు 15 శాతం. మొత్తం 75,750. ఆ పన్ను మీద సెస్ 4 శాతం కలిపితే 78,780. దాన్ని ఆరుతో భాగించి చూడు.

చేరేటప్పుడు పాత జీతం వివరాలు ఫారం 12బిలో రాసిచ్చావే, అది మంచి పని. చాలామంది పిల్లలు ఇవ్వరు. "ఇస్తే ఎక్కువ పట్టుకుంటారు, ఊరుకో" అని చెప్పే పక్క సీటు పెద్దమనుషులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. నువ్వూ ఊరుకుని ఉంటే కొత్తవాళ్లకు కనిపించేది 8,10,000 ఒక్కటే, వాళ్లూ సున్నా అనేవాళ్లు. జూన్‌లో రెండు కంపెనీలూ ఇచ్చిన ఫారం 16లు (ఏడాది జీతం, పట్టిన పన్ను చూపే కాగితాలు) పట్టుకుని ఆడిటరు దగ్గరికి పోతే 78,780 ఒక్కసారే కట్టమనేవాడు, పైగా ఏడాది మధ్యలోనే కట్టాల్సిన అడ్వాన్స్ టాక్స్ కట్టనందుకు వడ్డీ. నేను జీతాల బిల్లులు రాసినన్నాళ్లూ చూసిన ఏడుపుల్లో సగం ఇవే.

పేస్లిప్‌లో పీఎఫ్, వృత్తి పన్ను 200 వేరే సంగతి. పీఎఫ్ నీ డబ్బే, వృత్తి పన్ను రాష్ట్రానిది.

మాగుంట లేఅవుట్ ఇంటి అద్దె రసీదులు ఇస్తే తగ్గుతుందా అన్నావు. కొత్త పద్ధతిలో అద్దెకు మినహాయింపు లేదు. పాత పద్ధతిలో ఉంది గానీ, అక్కడ పీఎఫ్, ఎల్ఐసీ కలిపి 1,50,000 నిండుగా చూపించినా నీ పన్ను సెస్ కాకుండానే సుమారు 1,66,000. నువ్వు కట్టే అద్దె తీసేసినా కొత్తదానికి దరిదాపుల్లోకి రాదు. మారొద్దు. ఎవరైనా లేని అద్దెకు రసీదులు రాయిస్తామంటే వాళ్ల జోలికి పోకు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి ఓనరు పాన్ ఇవ్వాలి, దొంగ రసీదు అక్కడే దొరికిపోతుంది.

ఇంకో మాట. ఇప్పుడే ఇన్‌కమ్ టాక్స్ సైట్‌లో 26ఏఎస్ (నీ పాన్ మీద జమైన పన్ను లెక్క) తెరిచి, నీకు పట్టిన పన్ను అందులో లేదని టెన్షన్ పడకు. కంపెనీ పట్టిన సొమ్ము మరుసటి నెల 7లోగా కట్టాలి, కానీ ఎవరి పాన్ మీద ఎంత అన్న లెక్క మూడు నెలలకోసారి పంపుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు లెక్కకు గడువు జనవరి 31. ఫిబ్రవరి మధ్యలో చూడు. అప్పటికీ కనపడకపోతే అడుగు, గట్టిగానే అడుగు.

మీ అమ్మ నీ పేరున వేసిన డిపాజిట్ సంగతి మర్చిపోయేవు. వడ్డీ ఏడాదికి 50,000 దాటితేనే బ్యాంకు పన్ను పట్టుకుంటుంది గానీ, పట్టకపోయినా అది నీ ఆదాయమే. ఎంత వస్తుందో కనుక్కుని ఈ నెలలోనే మీ అకౌంట్స్‌లో రాసివ్వు, మిగిలిన జీతాల్లో సర్దుతారు.

మీ మామయ్య