సోఫా దిగని బంటిగాడు

ప్రశ్న: మా పామెరేనియన్ బంటిగాడికి రెండేళ్లు. సోఫా ఎక్కితే దిగడు. మా మామగారు చంకల కింద చేతులేసి దించబోతే గుర్రుమంటాడు. మొన్న చేతి మీద పంటి గాటు పెట్టాడు. కాలింగ్ బెల్ మోగితే చాలు, ఇల్లు పీకి పందిరేస్తాడు. “వెల్లకిలా పడేసి నొక్కి పట్టుకోండి, యజమాని ఎవరో తెలిసొస్తుంది” అంటున్నారు పక్క ఫ్లాటాయన. చెయ్యొచ్చా డాక్టరుగారూ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దమ్మా. అలా నొక్కితే ఈసారి గాటు ముఖం మీద పడుతుంది.

మామగారి సంగతి పత్రిక వచ్చేదాకా ఆగేది కాదని మీకు విడిగా రాశాను. మిగతావాళ్ల కోసం మళ్లీ చెబుతున్నా. పన్ను దిగితే కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రిలో చూపించుకోవాలి. “మా కుక్కకి టీకా వేయించాంగా” అని ఊరుకోకూడదు.

పక్క ఫ్లాటాయన సలహాకి మూలం తోడేళ్లు. బంధించి ఉంచిన తోడేళ్లు పెత్తనం కోసం కొట్లాడుకోవడం చూసి, వాటి తీరే అంతని 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు శాస్త్రవేత్త రాశాడు. 1970లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ పుస్తకంతో ఆ మాట ఊరూరా పాకింది. అడవిలో గుంపంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలేనని అదే మీచ్ 1999లో దిద్దుకున్నాడు. పాత సలహా మాత్రం మన అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో ఇంకా ఎక్కుతూ దిగుతూనే ఉంది.

అసలు చిక్కు బంటి సైజులో ఉంది. లాబ్రడార్ గుర్రుమంటే ఎవరైనా వెనక్కి తగ్గుతారు. ఈ బుల్లోడు గుర్రుమంటే “అబ్బో, కోపమే!” అని నవ్వి ఎత్తేసుకుంటాం. అంతకుముందే వాడు ముఖం తిప్పుకుంటాడు, పెదవులు నాక్కుంటాడు, కొయ్యలా బిగుసుకుపోతాడు. ఎవరూ పట్టించుకోకపోతే ఇక పళ్లే గతి. గుర్రుమన్నందుకు కొడితే అది మానేసి నేరుగా కరుస్తాడు.

ముందు ఒకసారి డాక్టరుకి చూపించండి. చిన్న జాతుల్లో మోకాలిచిప్ప జారడం, పళ్లకి గార పట్టడం మామూలే. ఎత్తినప్పుడు నొప్పెడితే ఏ శిక్షణా పనిచేయదు.

నొప్పేమీ లేదని తేలితే, చేతులతో దించడం ఇంట్లో అందరూ మానేయాలి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్‌ని సెనగ్గింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. వాడు హుషారుగా ఉన్నప్పుడు, నిద్రమత్తులో కాదు, “దిగు” అని ఒక్కసారే అని ముక్క నేల మీద వెయ్యండి. దిగాక ఇంకోటి. తర్వాత మీరే పిలిచి మళ్లీ సోఫా ఎక్కించండి. దిగితే సోఫా పోదని వాడికి నమ్మకం కుదరాలి. నాలుగైదు సార్లకి ఆపేయండి. కొన్నాళ్లకి ఉత్త చెయ్యి చూపినా దిగుతాడు, ముక్క అప్పుడు ఇవ్వండి. మాట మాత్రం అందరిదీ ఒకటే ఉండాలి. మీరు “దిగు”, మీవారు “డౌన్”, అత్తయ్యగారు “పోరా అవతలికి” అంటే వాడేం చేస్తాడు పాపం!

బెల్ సంగతీ అంతే. వాడు మొరుగుతుంటే మీరూ “ఏయ్!” అని కేకేస్తే, మీరూ తోడొచ్చారనుకుంటాడు. తలుపుకి దూరంగా ఒక చాప వెయ్యండి. ఎవరూ రాని వేళ పిల్లల చేత బెల్ కొట్టించి, మోగగానే ముక్క చాప మీద వెయ్యండి. నిజంగా చుట్టాలొస్తే మాత్రం, ఈ అలవాటు కుదిరేదాకా, వాణ్ని పక్క గదిలో ఉంచి తలుపు తియ్యండి.

పెత్తనమే కావాలంటే అన్నం గిన్నె, వాకింగ్ వేళ ఎటూ మీ చేతిలోనే ఉన్నాయి. ఆ వేళలు తప్పించకండి. భోజనాల దగ్గర పళ్లెంలోంచి చాటుగా ముద్ద పెట్టేది ఎవరో కూడా ఓ కన్నేసి ఉంచండి. మామగారే అయ్యుంటారని నా అనుమానం!