డాన్ క్విక్సోట్ అని రాయాలా, దోన్ కిహోతె అని రాయాలా?

సందేహం: డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రెండేళ్లుగా స్పానిష్, పోర్చుగీసు మాట్లాడే దేశాల చరిత్ర, నవలలు, కవిత్వం ఇంగ్లీషు అనువాదాల్లో చదువుతున్నాను. చదివినవాటి గురించి తెలుగులో రాసుకుందామని కూర్చుంటే పేర్ల దగ్గరే ఆగిపోతున్నాను. డాన్ క్విక్సోట్ అనాలా, దోన్ కిహోతె అనాలా? మార్క్వెజ్ ఒప్పా, మార్కెస్ ఒప్పా? జోస్, జోసే, హోసే... ఇవన్నీ ఒకే పేరా? పోర్చుగీసు కవిత్వంలో మాటిమాటికీ తగిలే ‘సౌదాదె’కి తెలుగులో ఏం రాయాలి? ‘విరహం’ అని రాసి, నచ్చక కొట్టేశాను.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

సమాధానం: అమ్మా, దోన్ కిహోతె అనే రాయండి. మొదటిసారి ఆ పేరు వచ్చినచోట మాత్రం ‘ఇంగ్లీషు పుస్తకాల్లో డాన్ క్విక్సోట్’ అని ఒక ముక్క చేర్చండి. పాత పేరుతో వెతుక్కునేవాళ్లకి అది చాలు.

క్విక్సోట్ అనేది స్పెయిన్‌లో ఎవరూ ఏనాడూ పలికిన పేరు కాదు. స్పెయిన్ రచయిత సెర్వాంతెస్ ఈ పేరుగల నాయకుడి మీద రాసిన నవల మొదటి భాగాన్ని 1605లో, రెండో భాగాన్ని 1615లో అచ్చువేయించాడు. అప్పటి రాతలో ఆ పేరు మధ్య ఎక్స్ అక్షరం ఉండేది. దాని పలుకు అసలు మన ‘ష’ లాంటిది, అంటే కిషోతె. ఫ్రెంచివాళ్లు, ఇటలీవాళ్లు ఆ పేరుని అప్పుడే విన్నారు కాబట్టి వాళ్ల భాషల్లో ఈనాటికీ ‘ష’ నిలిచి ఉంది. స్పానిష్‌లో మాత్రం ఆ ‘ష’ క్రమంగా గొంతులోకి జారిపోయి, ఉర్దూలో ‘ఖబర్’ అన్నప్పుడు వినపడే ఖ లాంటి పలుకయింది. 1815లో స్పెయిన్ భాషా అకాడమీ రాతని దిద్దినప్పుడు ఇలాంటి మాటల్లో ఎక్స్ తీసేసి జె పెట్టింది. ఇంగ్లీషువాళ్లు పాత రాతనే కళ్లతో చదివి క్విక్సోట్ అన్నారు. మనం వాళ్ల నోటి నుంచి తీసుకున్నాం. మెక్సికో సంగతీ ఇదే. ఆ దేశం పాత ఎక్స్‌ని వదులుకోలేదు కానీ, అక్కడివాళ్లు పలికేది ‘మెహికో’ అనే.

ఆ గొంతు పలుకుకి తెలుగులో అచ్చంగా సరిపోయే అక్షరం లేదు. ఖ రాస్తే మనవాళ్లు ఒత్తి పలుకుతారు, అది ఇంకా దూరం. అందుకే హ మేలు.

‘డాన్’ని ‘దోన్’ అనడం ఎందుకని మీకు అనిపించి ఉంటుంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. ఇంగ్లీషువాళ్ల టి, డి మన చెవికి ట, డ లాగా వినపడతాయి. స్పానిష్, పోర్చుగీసు వాళ్లవి అలా కాదు. నాలుక పళ్లకి తగిలి వచ్చే త, దలు వాళ్లవి. ఇది నేను పుస్తకం చూసి చెప్పనక్కర్లేదు, మన ఇళ్లలోని మాటలే చెబుతాయి. పోర్చుగీసు నుంచి వచ్చింది ‘తువాలు’, ఇంగ్లీషు నుంచి వచ్చింది ‘టవలు’. అక్కడి నుంచి ‘బొత్తాము’, ఇక్కడి నుంచి ‘బటన్’. అక్కడి నుంచి ‘మేస్త్రీ’, ఇక్కడి నుంచి ‘మాస్టరు’. ప్రతి జంటలోనూ రెండు మాటలకీ యూరప్‌లో మూలం ఒకటే. వచ్చిన దారులు వేరు. పోర్చుగీసు దారిలో వచ్చినదానికి త, ఇంగ్లీషు దారిలో వచ్చినదానికి ట. ఈ మాటల్లో కొన్ని పక్క భాషల మీదుగా మనకి చేరాయి, అయినా త చెడలేదు. చదువురాని మేస్త్రీలు, చాకలివాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు చెవితో విని పట్టుకున్న తేడా ఇది. చదువుకున్న మనం ఇంగ్లీషు అక్షరాలు చూసి దాన్ని పోగొట్టుకుంటున్నాం. చిలీ కవి నెరూడా కాదు, పాబ్లో నెరూదా. గార్సియా మార్కెస్ నవలలోని ఊరు మకొండో కాదు, మకోందో. పెడ్రో కాదు, పెద్రో. నేను క్లాసులో ఈ మూడు జంటలూ బోర్డు మీద రాస్తే పిల్లలకి వేరే సూత్రం చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఇదే దారిలో ఇంకొకటి చూడండి. పోర్చుగీసులో చాలా మాటలు ముక్కుతో పలికే ‘ఆఁవ్’ లాంటి శబ్దంతో ముగుస్తాయి. బొత్తాము అక్కడ ‘బుతాఁవ్’. వేలానికి మూలమైన మాట ‘లెయిలాఁవ్’, తమిళంలో ఏలం, మనకి వేలం. గోదాము అక్కడ ‘గుదాఁవ్’. ఆ ముక్కు పలుకు మన దగ్గరికి వచ్చేసరికి చక్కగా ‘ము’ అయి కూర్చుంది. గోదాము కథ మరీ బాగుంటుంది. తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు సముద్రం దాటి మలయా భాషలో ‘గుదాంగ్’ అయిందనీ, దాన్ని పోర్చుగీసువాళ్లు ఎత్తుకున్నారనీ నిఘంటుకారులు చెబుతారు. అంటే మన సరుకే చుట్టు తిరిగి మళ్లీ మన ఇంటికి వచ్చిందన్నమాట. గంజి కూడా ప్రయాణం చేసింది. మలయాళ కంజి పోర్చుగల్ చేరి ‘కాంజ’ అయింది. అక్కడ కోడిమాంసం, బియ్యం వేసి పలచగా కాచే సూపుని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆ ముక్కు పలుకుని మీ నోట్సులో రాసుకోవడానికి అరసున్నని వాడుకోండి. బడిలో అరసున్న చచ్చిపోయిందని నేర్పారు కానీ, పోర్చుగీసు పలుకుని చూపించడానికి అది చాలా మంచి గుర్తు. జువాఁవ్, కమోఁయిష్ అని రాస్తే చదివేవారి నోరు సగం దారి దానంతటదే వెళుతుంది. వాస్కో డ గామా ప్రయాణాన్ని 1572లో మహాకావ్యంగా అచ్చువేసిన కవి పేరు ఈ కమోఁయిష్. అలాగే అక్షరమాలలో ఊరికే కూర్చున్న ఞ. స్పానిష్‌వాళ్లు తమ దేశాన్ని ‘ఎస్పాఞ’ అంటారు. కానీ పదిమంది చదవాల్సిన వ్యాసంలో ‘ఎస్పాన్యా’ అని రాయడమే మర్యాద.

ఇక జోస్, జోసే, హోసే. రాత ఒకటే, భాషలు రెండు. స్పానిష్‌లో జెకి హ పలుకు, కాబట్టి హోసే. పోర్చుగీసులో అదే అక్షరానికి ఫ్రెంచిలో వినపడే మెత్తని జ పలుకు. కాబట్టి 1998లో నోబెల్ అందుకున్న పోర్చుగల్ నవలాకారుడు జోసే సరమాగో. మరీ దగ్గరగా చెప్పాలంటే ‘జుజె’. మొదటి జ ‘జీవితం’లోది, రెండో జ ‘రోజు’లోది. మన రెండు రకాల జలూ ఒకే పేరులో పనికొచ్చాయి! అర్జెంటీనా రచయిత హోర్హె లూయిస్ బోర్హెస్, బ్రెజిల్ రచయిత జోర్జి అమాదు... ఈ హోర్హె, జోర్జి కూడా ఒకే పేరు. అందుకని పేరు కనపడగానే ముందు అడగాల్సింది ‘ఈయనది ఏ భాష?’ అని. ‘జోస్’ మాత్రం రెండింటిలోనూ తప్పే.

మార్క్వెజ్ కాదు, మార్కెస్. స్పానిష్‌లో క్యు, యు కలిస్తే ఉత్త క. జెడ్ అక్షరాన్ని లాటిన్ అమెరికాలో స లాగే పలుకుతారు. స్పెయిన్‌లో ఎక్కువమంది నాలుక పళ్ల మధ్య పెట్టి పలుకుతారు కానీ, మన థ రాస్తే అది వేరే పలుకవుతుంది, వద్దు. 1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో మెక్సికో రాయబారిగా ఉండి, తన దేశంలో విద్యార్థుల మీద జరిగిన కాల్పులకి నిరసనగా ఆ పదవి వదిలేసిన కవి ఒక్తావియో పాజ్ కాదు, పాస్. రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే య, కాబట్టి పెరూ రచయిత వర్గాస్ యోసా.

మీరు అడగకపోయినా ఇంకో మాట. ‘మార్కెస్’ అని ఒక్క ముక్కే రాయకండి, ‘గార్సియా మార్కెస్’ అని రెండూ రాయండి. స్పానిష్ పద్ధతిలో ముందు తండ్రి ఇంటిపేరు, తర్వాత తల్లి ఇంటిపేరు. గార్సియా తండ్రిది, మార్కెస్ తల్లిది. ఒక్క మార్కెస్ అంటే తండ్రి ఇంటిపేరు ఎగరగొట్టినట్టు. పోర్చుగీసులో మామూలుగా ఇది తలకిందులు, తల్లిది ముందు, తండ్రిది చివర. సరమాగోది ఇంకో కథ. వాళ్ల అసలు ఇంటిపేరు సోజ. సరమాగో అనేది ఊళ్లోవాళ్లు ఆ కుటుంబానికి పెట్టిన పేరు, పేదవాళ్లు కూర వండుకునే ఒక అడవి ముల్లంగి మొక్క. పుట్టుక నమోదు చేసిన గుమస్తా దాన్ని రిజిస్టరులోకి ఎక్కించేశాడు. పిల్లాడు ఏడేళ్లకి బడిలో చేరేదాకా ఇంట్లోవాళ్లకి ఆ సంగతి తెలియలేదట. బడి రిజిస్టరులో పేరు మారిపోయిన తెలుగువాళ్లు ఎంతమందో కదా, అందుకే ఇది చదివినప్పుడు ఆయన నాకు మన ఊరివాడిలా అనిపించాడు.

అన్నీ దిద్దాలని మాత్రం పట్టుబట్టకండి. వాస్కో డ గామా, స్పెయిన్, బ్రెజిల్, మెక్సికో, లిస్బన్... ఇవి తెలుగులో స్థిరపడిపోయాయి, ఉండనివ్వండి. స్థిరపడని పేర్లనే వాళ్ల నోటికి దగ్గరగా రాద్దాం. వెనకటి తెలుగు పుస్తకాల్లో పోర్చుగీసువాళ్లని ‘బుడతకీచులు’ అని రాసేవారు. పాత గ్రంథాలు ఉటంకించినప్పుడు అలాగే ఉంచండి, మీ వాక్యాల్లో ‘పోర్చుగీసువారు’ చాలు. గార్సియా మార్కెస్‌ని ‘స్పెయిన్ రచయిత’ అనడం తప్పు, ఆయనది కొలంబియా. ‘స్పానిష్ రచయిత’ అన్నా సందిగ్ధమే. ‘స్పానిష్‌లో రాసిన కొలంబియా రచయిత’ అనండి. ‘లాటిన్ అమెరికా’ అన్నచోట ‘దక్షిణ అమెరికా’ అని మార్చినా మెక్సికో జారిపోతుంది.

చరిత్ర చెప్పినవారు కనుక మీకు తెలిసే ఉంటుంది, మన పేర్లకీ పోర్చుగీసువాళ్ల చేతిలో ఇదే జరిగింది. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన దొమింగో పాయిస్, అచ్యుతరాయల కాలంలో ఉన్న ఫెర్నాఁవ్ నూనిజ్ రాసిన వృత్తాంతాలు 1897లో లిస్బన్‌లో ‘బిస్నగ రాజుల చరిత్ర’ అనే పేరుతో అచ్చయ్యాయి. బిస్నగ అంటే విజయనగరమే! పర్షియన్ రాతల్లో అది బీజానగర్. ఆ పలుకే వర్తకుల నోట విని వాళ్లు బిస్నగ చేసుకుని ఉండాలి. మనం ఇంగ్లీషు మీదుగా క్విక్సోట్ తెచ్చుకున్నట్టే. అయితే కృష్ణరాయలి పేరుని వాళ్లు ‘క్రిస్నరావ్’ అని రాశారు. నగరం పేరు మూడో భాష మీదుగా వెళ్లింది, రాజు పేరు మాత్రం మనవాళ్లు పిలిచిన పిలుపుకి దగ్గరగా ఉంది. నాకు ఆ ‘క్రిస్నరావ్’ అంటే ఇష్టం.

సౌదాదె సంగతి. ‘విరహం’ కొట్టేసి మంచిపని చేశారు, అది ప్రేమికులకే సరిపోతుంది. ‘జ్ఞాపకం’లో నొప్పి లేదు. ‘బెంగ’ అని రాయండి. పిల్లాడు తల్లి మీద బెంగ పెట్టుకుంటాడు, ఊరొదిలినవాళ్లకి ఊరి మీద బెంగ, దూడ పోయిన ఆవుకీ బెంగే. ఉన్నవాళ్ల మీదా పోయినవాళ్ల మీదా, మనుషుల మీదా చోట్ల మీదా పనిచేసే మాట ఇది. ఒంటికి జ్వరం తెప్పించేంత బలం కూడా దీనికి ఉంది. సౌదాదెలో ఉండే తీపి బెంగలో కొంచెం తక్కువ, అది ఒప్పుకుంటాను. లిస్బన్‌లో పాడే ఫాదో పాటల్లో ఈ మాట వచ్చినచోట తీపి చూపించాలంటే పక్క వాక్యంతో చూపించండి, మాటని మార్చకండి.

ఈ మాటకి లాటిన్ మూలం ‘ఒంటరితనం’. స్పానిష్‌లో అదే మూలం నుంచి ‘సొలెదాద్’ వచ్చింది, అర్థం ఒంటరితనం దగ్గరే ఆగింది. పోర్చుగీసులో అది బెంగగా మారింది. గార్సియా మార్కెస్ 1967 నాటి నవల (ఇంగ్లీషులో ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’) పేరులో ఉన్నది ఈ సొలెదాదే. దాన్ని కొందరు ‘ఏకాంతం’ అంటారు. ఏకాంతం మనం కోరుకునేది, ఒంటరితనం మన మీద పడేది. ఆ నవలలోని బువెందియా కుటుంబం మీద పడింది రెండోది. మీరు ఒంటరితనం అనే రాయండి.

మీరు చదివే కవితల్లో మరో నుడికారం తగిలే ఉంటుంది. దూరమైన మనిషి కలిసినప్పుడు పోర్చుగీసువాళ్లు సౌదాదెని ‘చంపుకున్నాం’ అంటారు. దాన్ని ‘బెంగ చంపుకున్నాను’ అని తేకండి. ‘నిన్ను చూశాక బెంగ తీరింది’ అని రాయండి.