ఆఫర్ లెటర్‌లో ‘జీతం’ అని ఉంది, సన్నదుకు (వకీలుగా ప్రాక్టీస్ చేసే అనుమతికి) ఇబ్బందా?

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ అయ్యాక తెలంగాణ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యాను, ఏఐబీఈ (వకీళ్లకు పెట్టే ఆలిండియా బార్ పరీక్ష) కూడా పాసయ్యాను. హైదరాబాద్‌లోని ఒక లా ఫర్మ్ లిటిగేషన్‌లో (కోర్టు కేసుల పనిలో) తీసుకుంటామని లెటర్ పంపింది. ‘ఫుల్‌టైమ్ ఉద్యోగి, నెలకు 25 వేల జీతం, పీఎఫ్’ అని రాశారు. రెండేళ్లలోపు మానేస్తే లక్ష కట్టాలట, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచాలట. జీతం తీసుకుంటే ప్రాక్టీస్ పోతుందని మా ఊరి వకీలు ఒకాయన అంటున్నారు. ముందుముందు జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలని ఉంది. చేరమంటారా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: చేరండి. కానీ ఈ లెటర్ మీద మాత్రం సంతకం పెట్టకండి.

ఆ వకీలుగారు ఊరికే అనలేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వది చూడండి. ప్రాక్టీస్‌లో ఉన్న అడ్వకేటు ఎవరి దగ్గరా ఫుల్‌టైమ్ జీతగాడిగా ఉండకూడదు. అలా చేరితే బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, ఆ ఉద్యోగం ఉన్నంతకాలం ప్రాక్టీస్ ఆపాలి. ‘ఫర్మ్’ అన్న మాట ఆ నియమంలోనే ఉంది. అందుకే చాలా ఫర్మ్‌లు జూనియర్లను రిటైనర్ మీద, అంటే ఉద్యోగిగా కాక నెలవారీ ఫీజు ఒప్పందం మీద తీసుకుంటాయి. నెలనెలా ఇచ్చేది ప్రొఫెషనల్ ఫీజు, అందులో 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, పీఎఫ్ ఉండదు. మీ లెటర్‌నూ అలా మార్చమనండి. అయితే పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. హిమాచల్ విద్యుత్ బోర్డు లా ఆఫీసర్ కేసులో 2001లో సుప్రీంకోర్టు హోదా పేరును కాక ఉద్యోగ షరతులనే చూసి, ఆయన అడ్వకేటుగా కొనసాగడానికి వీల్లేదంది. కాబట్టి మీరు నిజంగా కోర్టుకు వెళ్లాలి.

ఇదే మీ జడ్జి పరీక్షకూ కీలకం. 2025 మే 20న సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీస్ నిబంధనను మళ్లీ తెచ్చింది. లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (ఏఐబీఈ పాసయ్యేలోపు ఉండే తాత్కాలిక నమోదు) తేదీ నుంచే మొదలవుతుంది. కనీసం పదేళ్ల అనుభవమున్న అడ్వకేటు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. రేపు ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారో చేరేముందే అడగండి. వకాలత్‌లో (కేసు వాదించడానికి క్లయింటు ఇచ్చే పత్రంలో) సీనియర్ పేరు కింద మీ పేరూ, ఎన్‌రోల్‌మెంట్ నంబరూ ఉండేలా చూసుకోండి. ఒక డైరీ పెట్టి తేదీ, కేసు నంబరు, ఆ రోజు ఏం చేశారో రాయండి: వాయిదా అడిగారా, ఆఫీస్ ఆబ్జెక్షన్లు (కోర్టు ఆఫీసు చూపిన లోపాలు) సరిచేసి కాగితాలు మళ్లీ దాఖలు చేశారా, సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేశారా. ఎస్.ఆర్. స్టేజిలో (దాఖలయ్యాక, కేసు నంబరు పడకముందు) ఆగిపోయిన దావాకు నంబరు వేయించడం కూడా పనే, పుస్తకాల్లో దొరకని పని. రెండేళ్లూ డ్రాఫ్టింగ్ అంటూ కంప్యూటర్ ముందే కూర్చోబెట్టే చోటు మీకు పనికిరాదు.

బాండ్ సంగతి. ‘అలాంటివి చెల్లవు లెండి’ అని చాలామంది తేలిగ్గా అంటారు, నేను అనను. 2025 మేలోనే ఒక ప్రభుత్వ బ్యాంకు పెట్టిన రెండు లక్షల బాండ్‌ను సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ మళ్లీ నియామక పరీక్షలు పెట్టాల్సిన ఖర్చు కనిపించింది. మీ విషయంలో ఫర్మ్‌కు అంత నష్టం ఏముంటుంది? కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న లక్ష గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమే. అయినా కేసు దాకా ఎందుకు? ఆ క్లాజు తీసేసి, రెండు నెలల నోటీసు పెట్టమనండి. ట్రైనింగ్ పేరుతో ఎదురు డబ్బు అడిగితే మాత్రం లేచి వచ్చేయండి. బార్ కౌన్సిల్ నియమాల్లో 45వది ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు ఇచ్చే శిక్షణ గురించే అయినా, అలా అడగడం దాని స్ఫూర్తికి విరుద్ధం.

ఒరిజినల్స్ ఇవ్వొద్దు. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు పట్టుకుని కూర్చునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఆ కేసు వేరు, నిజమే. కానీ క్లయింటు కాగితాలే పట్టుకోకూడని వకీలు జూనియర్ డిగ్రీ పట్టుకుంటానంటే ఏం బాగుంటుంది? చూపించి, జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్స్ వెంట తెచ్చుకోండి.

డబ్బు విషయానికొస్తే 25 వేలు తక్కువేం కాదు. నగరాల్లో జూనియర్లకు 20 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు.

వాళ్లు లెటర్ మార్చకపోతే టెన్షన్ పడకండి. లిటిగేషన్ ఉద్యోగాలన్నీ ప్రకటనల్లో కనిపించవు. హైకోర్టు కాజ్ లిస్టులో (ఆ రోజు విచారణకొచ్చే కేసుల జాబితాలో) ప్రతి కేసు పక్కనా అడ్వకేట్ల పేర్లుంటాయి. ఓ నెల రోజుల లిస్టులు చూస్తే మీకిష్టమైన రకం కేసులు ఎవరి దగ్గర ఉన్నాయో తెలుస్తుంది. సొంతంగా రాసిన ప్లయింట్ (దావా పత్రం) ఒకటి, కౌంటర్ (ఎదుటి పక్షం జవాబు) ఒకటి పట్టుకుని సాయంత్రం ఆరు దాటాక ఆఫీసుకు వెళ్లండి. పొద్దున పదింటికి వెళ్తే ఎవరూ దొరకరు, అందరూ కోర్టు హడావిడిలో ఉంటారు.