పదవి వచ్చింది, మాట చెల్లడం లేదు

ప్రశ్న: ఒక జిల్లా కార్యాలయంలో ఇటీవలే సూపరింటెండెంటుగా పదోన్నతి పొందాను. నాకంటే వయసులో పెద్దవారైన ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లు ఫైలు అడిగితే ‘చూద్దాం లెండమ్మా’ అంటున్నారు. మెమో ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మెమో ఇచ్చే అధికారం మీకుంది గానీ, దానితోనే మొదలుపెట్టకండి. ఇతరులపై మనకుండే ప్రభావానికి మూలాలేమిటో 1959లో ఫ్రెంచ్, రేవెన్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరిస్తూ హోదా, ప్రతిఫలం, శిక్ష, నైపుణ్యం, వ్యక్తిపై గౌరవం అని ఐదింటిని పేర్కొన్నారు. వీటిలో మొదటి మూడూ చాలావరకు కుర్చీతో వచ్చి కుర్చీతోనే పోయేవి కాగా, చివరి రెండూ మీరు సంపాదించుకోవలసినవి. (ప్రభుత్వ కార్యాలయంలో ప్రతిఫలం మీ చేతిలో ఎంత ఉంటుందో మీకే తెలుసు!)

పాత జీవోలు, పాత కేసుల పూర్వాపరాలు ఆ ఇద్దరికీ కంఠతా వచ్చి ఉంటాయి కనుక, చిక్కు ఫైలు వచ్చినప్పుడు ముందుగా వారినే అడగండి. నోట్‌లో తప్పు దొర్లితే అందరి ముందూ ఎర్ర సిరాతో కొట్టివేయకుండా, పక్కన కూర్చోబెట్టుకుని నిబంధన చూపించండి. పై అధికారి ఆ ఫైలును మెచ్చుకుంటే అది ఎవరు రాశారో అక్కడే చెప్పండి. అదే సమయంలో గడువు విషయంలో మాత్రం మెత్తబడకండి: ఒక్కో అసిస్టెంటు తన దగ్గరికొచ్చిన ఫైళ్లను నమోదు చేసే పర్సనల్ రిజిస్టరును క్రమం తప్పకుండా తనిఖీ చేసి, పెండింగు ఫైలుకు తేదీ వారి చేతనే చెప్పించి, అందులో రాయించండి. ఆ తేదీ కూడా పదేపదే దాటిపోతే, విడిగా ఒకసారి హెచ్చరించి, అప్పుడు మెమో ఇవ్వండి.