అమ్మ పోయాక ప్రార్థన చెయ్యలేకపోతున్నాను, నేను విశ్వాసం కోల్పోయినట్టేనా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీది డోర్నకల్ దగ్గర పల్లె, మీరేమో హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మగారు కేన్సర్‌తో పోయి ఏడు నెలలైంది, అప్పట్నుంచి మీరు గుడికి, అంటే చర్చికి, వెళ్ళలేదు, మోకాళ్ళ మీద కూర్చుంటే మాట రావట్లేదు అన్నారు. దానికితోడు మీ పిన్నిగారు "మీరు విశ్వాసంతో ప్రార్థించలేదు, అందుకే అక్క బతకలేదు" అన్నారట. ఆరేళ్ళ పాప కూడా అమ్మమ్మకి ఎందుకు తగ్గలేదని అడుగుతోందని రాశారు.

ముందు పిన్నిగారి మాట సంగతి చెప్తాను, ఎందుకంటే మిమ్మల్ని లోపల్లోపల తినేస్తోంది అదే. ఆ మాట తప్పు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లు, అంటే తనని వేధించే ఒక బాధ, తీసెయ్యమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు, మరి పౌలుకి విశ్వాసం తక్కువని ఎవరైనా అంటారా? చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు పెట్టుకున్నాడు, ఇంకాసేపట్లో లేపబోతున్నాడని తెలిసి కూడా ఏడ్చాడు. 88వ కీర్తన చదివి చూడండి, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా చీకట్లోనే ఆగిపోతుంది, అయినా అది బైబిల్లో ఉంది. మీ కోపం, మీ మౌనం కూడా ప్రార్థనలోకే వస్తాయి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మీ అమ్మగారి గురించి. మీరు ఏదో మామూలుగా రాసేశారు గానీ నేను అక్కడే చాలాసేపు ఆగిపోయాను. ఇంటర్లో ఉన్నప్పుడు మీరు ఇక గుడికి రానని మొండికేస్తే ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు, మీకు అన్నం వండి మూత పెట్టి తను ఒక్కతే వెళ్ళొచ్చేది, వచ్చాక కూర తాలింపు వేస్తూ ఆ రోజు పాస్టరుగారు ఏం చెప్పారో కథలాగా చెప్పేది, వింటున్నావా అని కూడా అడిగేది కాదు. ఎనిమిది నెలల తర్వాత మీ అంతట మీరే చెప్పులేసుకుని వెంట నడిచారు. అప్పుడు ఎనిమిది నెలలు ఆగిన మనిషి ఇప్పుడు ఏడు నెలలకే మీ మీద నమ్మకం వదిలేసుకుంటుందా, మీరే చెప్పండి.

ఇంకొకటి ఆ పిడికెడు బియ్యం. మన తెలుగు సంఘాల్లో చాలా ఊళ్ళలో ఆడవాళ్ళకి ఉన్న అలవాటే ఇది, వండుకునేటప్పుడల్లా గుప్పెడు తీసి గుడికోసం పక్కన పెట్టడం. కానీ మీ అమ్మగారు బస్తాలోంచి కాకుండా ఎసట్లో పొయ్యడానికి కొలిచిన బియ్యంలోంచే తీసి ఆ సొట్టపడ్డ స్టీలు డబ్బాలో వేసేదని రాశారు చూడండి, అంటే ఇంట్లో వాళ్ళ ముద్దలోంచి ఇచ్చిందన్నమాట. కీమో జరుగుతున్న రోజుల్లో నిలబడలేక స్టూల్ మీద కూర్చుని కూడా తీసిందట. తగ్గుతుందో లేదో తెలియకుండానే తీసింది కదమ్మా. ఆవిడ దేవుడితో బేరం పెట్టుకోలేదు, పిన్నిగారి లెక్క ఆవిడ లెక్క కాదు.

తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో, అంటే ఉత్తరంలో, పౌలు అతని అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసం గుర్తుచేస్తాడు. వాళ్ళు పెద్దపెద్ద ప్రసంగాలు చేశారని ఎక్కడా లేదు. ఇంట్లో చూస్తూ పెరిగిన పిల్లాడికి అబ్బింది, అంతే.

అందుకే గంటలు గంటలు ప్రార్థన చెయ్యాలని మీమీద మీరు ఒత్తిడి పెట్టుకోవద్దు. ఆ డబ్బా ఊరినుంచి తెచ్చుకోండి, అన్నం వండేటప్పుడు పాప చేత గుప్పెడు తీయించండి, నోట మాట రాకపోయినా ఫర్వాలేదు. పాప అడిగినప్పుడు "నాకూ తెలీదు నాన్నా, నాక్కూడా బాధగానే ఉంది" అని నిజమే చెప్పండి, దేవుడికి అమ్మమ్మ కావాల్సొచ్చి తీసుకుపోయాడు లాంటివి మాత్రం వద్దు, పిల్లలు భయపడతారు, రేపు అమ్మని కూడా తీసుకుపోతాడేమో అనుకుంటారు. నవంబర్ 2న సమాధుల పండగకి మీవాళ్ళు వెళ్ళేవాళ్ళయితే పాపని తీసుకెళ్ళి సున్నం వెయ్యనివ్వండి, కొవ్వొత్తి వెలిగించనివ్వండి.

నిద్ర పట్టట్లేదని, తిండి సయించట్లేదని కూడా రాశారు, ఏడు నెలలుగా ఇలాగే ఉందంటే డాక్టర్ని కలవండి, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. సాయం తీసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

నాన్నగారు రోజూ రాత్రి ఏడున్నరకి ఒక్కరే కూర్చుని కుటుంబ ప్రార్థన చేసుకుంటున్నారన్నారు. ఇవాళ ఆ టైముకి ఫోన్ చెయ్యండి. మీరు ప్రార్థించక్కర్లేదు, ఆయన చేస్తుంటే స్పీకర్ పెట్టుకుని పాపా మీరూ పక్కన కూర్చుని వినండి చాలు.