అక్క, బావల వైద్య ఖర్చుల గురించి మేనకోడలికి

హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి,

మీ మామయ్య ఆశీస్సులు. అక్కను, బావను నీ దగ్గరికి తెచ్చుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఆరోగ్యశ్రీ ఉండగా ప్రైవేటు బీమాకు వేలకు వేలు ప్రీమియం కట్టడం దండగ కాదా అని నీవు అడిగావు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

మీ పెద్దమామయ్యకు గుండె కవాటం మార్చవలసి వచ్చినప్పుడు పంజగుట్ట నిమ్స్‌లో ఆరోగ్యశ్రీ కిందనే ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్‌కు గానీ కవాటానికి గానీ మా చేత ఒక్క రూపాయి కట్టించుకోలేదు. ఆ మేలు నేను బతికున్నంత కాలం మరచిపోను. అయితే రేషన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉండటంతో, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కాగితాలు చూసే ఉద్యోగి అయిన ఆరోగ్యమిత్ర దగ్గరే మా పని ఆగిపోయింది. అది సరిచేయించుకున్నాక, పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు అనుమతి రావాలి, మంచం ఖాళీ కావాలి, రక్తమిచ్చే వారిని మనమే వెంటబెట్టుకుని వెళ్లాలి. ఇంట్లో ఒకరు ఉద్యోగానికి సెలవు పెట్టి వరండాలో కాచుకుని ఉండకపోతే ఇవేవీ ముందుకు సాగేవి కావు. అక్కడ డబ్బు అడగరు గానీ మనిషి తోడు తప్పనిసరి. అందుచేత ముందుగా నీకు నీవు వేసుకోవలసిన ప్రశ్న, మీ ఇంట్లో అలా నిలబడగలిగే మనిషి ఎవరున్నారు అన్నది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. జాబితాలో ఉన్న చికిత్సలకు, ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లోనే అది వర్తిస్తుంది; వాటిలో ప్రైవేటువి కూడా ఉన్నాయి. అక్కకు నెలనెలా కావలసిన షుగరు మందులకు, రక్త పరీక్షలకు ప్రభుత్వం ఉచితంగా నడిపే బస్తీ దవాఖానా ఉంది, మొహమాటపడకుండా తీసుకువెళ్లు. బావకు 70 దాటాయి కనుక ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యానికి వర్తించే కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డుకు కూడా ఆధార్‌తో దరఖాస్తు పెట్టు.

ఇక ప్రైవేటు బీమా సంగతి. దానిలో కష్టమంతా పాలసీ కొనే రోజున పడాలి, ఎవరూ పడరు. మా తోడల్లుడి పాలసీలో గది అద్దె రోజుకు 5,000కు మించరాదని ఉంది. ఆసుపత్రిలో వేరే గది లేదని 10,000 గది ఇచ్చారు. అద్దెలో తేడా మాత్రమే తాను భరించాలని ఆయన అనుకున్నాడు. కానీ అదే నిష్పత్తిలో సర్జను ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చు కూడా సగానికి కోసేశారు. మందులు, పరీక్షల బిల్లులకు మాత్రం ఆ కోత పడలేదు. కాబట్టి గది అద్దెకు పరిమితి లేని పాలసీనే తీసుకో. బిల్లులో మన వాటా ఎంత శాతమో కూడా చదువు, పెద్దవాళ్ల పాలసీల్లో అది తరచుగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అక్క షుగరు సంగతి దరఖాస్తులో దాచవద్దు. ఏజెంటు "రాయకపోయినా ఫరవాలేదమ్మా" అన్నా వినవద్దు. 2024 బీమా నిబంధనల ప్రకారం, ముందునుంచీ ఉన్న జబ్బుకు క్లెయిము ఇవ్వకుండా కంపెనీ 3 సంవత్సరాలకు మించి ఆగమనరాదు. ఎడతెగకుండా 5 సంవత్సరాలు కట్టిన తరువాత, మోసం రుజువైతే తప్ప, ఏదో చెప్పలేదన్న కారణంతో క్లెయిము తోసిపుచ్చరాదు. ఇంత రక్షణ ఉండగా అబద్ధంతో మొదలుపెట్టడం దేనికి? 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ కూడా తీసివేశారు కనుక ప్రీమియం కొంత తేలికపడింది.

నీ ఆఫీసు బీమాలో తల్లిదండ్రులను చేర్చే వీలుంటే చేర్చు, కానీ దానినే నమ్ముకుని కూర్చోవద్దు, ఉద్యోగం మారిన రోజున అదీ పోతుంది. నా మాటగా చెప్పాలంటే, అక్కకు ఇప్పుడే సొంత పాలసీ తీసుకో. బావ వయసుకు ప్రీమియం బరువవుతుంది కనుక ఆయనకు ప్రభుత్వ కార్డులు, నీ ఆఫీసు బీమా చాలు. ఆ ప్రీమియం డబ్బును ఆయన పేరున విడిగా బ్యాంకులో వేసి ఉంచు.

ఎప్పుడైనా కంపెనీ అన్యాయంగా క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా, ఏడాదిలోపు బీమా కంపెనీలపై ఫిర్యాదులు విని పరిష్కరించే అధికారి, మన ఊళ్లోనే ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

వచ్చే ఆదివారం ఇద్దరి రేషన్, ఆధార్ కార్డులు, పాత మందుల చీటీలు తీసుకుని రా. పేర్లలో తేడా ఉంటే సోమవారమే మీసేవకు వెళదాం.

ఇట్లు,
నీ మేనమామ